దగ్గు గురించి అడగనివాడు

నన్ను చేసుకుంటామని వచ్చిన ప్రతివాడూ ముందు మా నాయన దగ్గు గురించే అడిగాడు. ఒట్టు. "నాయిన మంచిగున్నడా?" అని మొదలుపెట్టి, "దగ్గు తగ్గిందా, గట్లనే ఉన్నదా?" అని మెల్లగా ఆరా తీసేవాళ్ళు. అట్లాగే ఉందంటే వాళ్ళ మొహాలు వెలిగేవి. తగ్గిందని చెబితే, తాగుతున్న చాయ్ కూడా సగంలో ఆపేసి లేచేవాళ్ళు.

విషయం ఏమిటంటే, మా నాయన కొత్తగూడెంలో బొగ్గుబావి కార్మికుడు. పేల్చిన బొగ్గును తట్టకెత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపే పని. నేను ఒక్కతే కూతుర్ని. అప్పట్లో మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. వయసు నిండకముందే కార్మికుడికి ఒంట్లో బాగాలేక ఇక పనికి రాడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, ఆ ఉద్యోగం ఆ ఇంట్లో ఒకరికి వచ్చేది. కొడుకుంటే కొడుక్కి, లేకపోతే అల్లుడికి. వయసు నిండి మామూలుగా రిటైరైతే మాత్రం ఒక దండ, ఒక శాలువా, అంతే. అందుకని కొడుకుల్లేని ఇంటి పిల్లకి మా బస్తీలో గిరాకీ ఎక్కువ. పిల్లను చేసుకుంటే ఉద్యోగం వస్తుందని ఎవడూ అనేవాడు కాదు. ఉద్యోగం తీసుకుంటే పిల్ల కూడా వస్తుందనేవాళ్ళు.

"గా నౌకరేదో నాకే ఇస్తే ఏమాయె?" అని ఒకసారి అమ్మతో అన్నాను.

"బాయిలకు ఆడోళ్ళు దిగుతరానే? నోర్మూస్కొని బియ్యం ఏరు," అంది అమ్మ.

నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. కోపం ముక్కు మీదే ఉంటుంది, మా నాయనమ్మ పోలిక. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. దగ్గుతో, బోర్డుతో పని లేకుండా నా కోసం వచ్చేవాడు ఒక్కడైనా ఉంటే చూద్దాం. అట్లాంటివాడు దొరక్కపోతే పెళ్ళీ వద్దు, గిళ్ళీ వద్దు. ఉద్యోగానికి తోకలాగా మాత్రం ఎవరి వెనకా పోను.

ఎనభైల చివర అది. నాకు ఇరవై ఒకటో ఏడు. డిగ్రీ అయిపోయి టైపింగ్ నేర్చుకుంటున్నాను. ఎండాకాలం మొదట్లో మా టేబుల్ ఫ్యాన్ కాలిపోతే, రిక్షాలో పెట్టుకుని బజార్లో మోటార్ వైండింగ్ షాపుకి తీసుకుపోయాను. అక్కడ ఒక పిల్లవాడు, అంటే నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడే, ఫ్యాన్ విప్పి చూసి, "కాయిల్ మాడిపోయిందండీ, రెండ్రోజులు పడుతుంది," అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమోనని. మా బస్తీలో నన్ను ఎవరూ 'అండీ' అనలేదు.

రెండ్రోజులకి ఫ్యాన్ ఇంటికొచ్చింది. నాయన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, హాయిగా దాని ముందు కూర్చున్నాడు. ఫ్యాన్ రయ్యిమని తిరుగుతోంది గానీ ఆయనకి గాలి లేదు. వెనక గోడకున్న క్యాలెండర్ మాత్రం తపతపా కొట్టుకుంటోంది. కనెక్షన్ తిరగేసి ఇచ్చాడు మహానుభావుడు! నేను మళ్ళీ రిక్షా ఎక్కి పోయి, "ఏందయ్యా, మా నాయినకు గాలి కావాల్నా, గోడకు కావాల్నా?" అని నలుగురిలో అడిగాను. అతను బిక్కచచ్చి, ఫ్యాన్ పెట్టి చూసి, తన వెనకున్న స్పేర్ పార్టుల అట్టలు ఎగురుతుంటే పకపకా నవ్వాడు. నవ్వకూడదని పెదవి బిగబట్టాను. నాతో కాలేదు.

అతనిది దమ్మపేట వైపు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం. మామిడితోట, జీడితోట. తోటలో మోటారు కాలిన ప్రతిసారీ ఇంతదూరం మోసుకురావడం దండగని, వాళ్ళ నాన్న ఇతన్నే పని నేర్చుకురమ్మని ఆ షాపులో కుదిర్చాడట. ఆ లెక్కన అతను నేర్చుకున్నది మా ఫ్యాన్ మీదన్నమాట.

మొదటిసారి ఇద్దరం మ్యాట్నీకి పోయినప్పుడు ఇంటర్వెల్‌లో సోడా తాగుతూ అతను గొంతు సవరించుకున్నాడు. "ముందే చెప్పేస్తాను, తర్వాత మోసం చేశాననకు. మా మేనమామ కూతురుంది. చిన్నప్పుడే అనుకున్నారు మా వాళ్ళు. తన డిగ్రీ అయ్యాక పెళ్ళి."

"బతికిపోయిన," అన్నాను. "నాకూ పెళ్ళి ముచ్చటొద్దు. ఆ మాటెత్తిన్నాడు నీ తొవ్వ నీది, నా తొవ్వ నాది."

అతను హమ్మయ్య అని ఊపిరి వదిలాడు, అదీ నా ఎదురుగానే. నాకు కొంచెం ఒళ్ళు మండింది గానీ, మాట మాటే కదా.

ఈ కాలం పిల్లలు ఇదంతా తామే కనిపెట్టామనుకుంటారు. మొన్న మా పెదనాయన కొడుకు కూతురు నాకు చెబుతోంది, "అత్తా, కమిట్‌మెంట్ లేకుండా ఉంటరు ఇప్పుడు" అని, నేనేదో నోరు తెరిచి వింటాననుకుని. పోవే పిచ్చిదానా. మా టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరికి లేడు? ఒకామెకి వానాకాలం ఒకడు, ఎండాకాలం ఒకడు. ఇంకొకామె ఖమ్మం కాలేజీలో చదివే ఒకడితో రెండేళ్ళు తిరిగి, అతని పెళ్ళికి స్టీలు బిందె పట్టుకుపోయి, కడుపునిండా తిని వచ్చింది. టైంపాస్ అనేవాళ్ళం దాన్ని. ఏడ్చినవాళ్ళు లేకపోలేదు. నవ్వినవాళ్ళు ఎక్కువ. కాకపోతే మేము చాటింపు వేసుకోలేదు, అంతే తేడా.

మా ఆదివారాలు ఇట్లా ఉండేవి. భద్రాచలం బస్సు అతను బస్టాండులో ఎక్కేవాడు, నేను తర్వాతి స్టాపులో. ఒకరినొకరు ఎరగనట్టు కూర్చునేవాళ్ళం. పాల్వంచలో దిగి కిన్నెరసాని పోయేవాళ్ళం. అక్కడిదాకా అడవే. దారిపక్క కోయ ఆడవాళ్ళు ఆకుల్లో తునికిపండ్లు పోసుకుని కూర్చునేవాళ్ళు. అతను గుప్పెడు కొని గింజలు నా మీద ఊసేవాడు, నేను తిట్టేదాన్ని. డ్యాము నీళ్ళ పక్కన చెట్ల నీడలో మొదటిసారి అతను నన్ను ముద్దు పెట్టుకున్నప్పుడు రెండు జింకలు తలెత్తి చూశాయి. ఏమీ అనుకోలేదు, మళ్ళీ మేతలో పడ్డాయి.

అతని మాట నాకు వింత, నా మాట అతనికి వింత. "ఏంది" అని నేనన్నప్పుడల్లా "ఏంటి అనలేవా?" అనేవాడు. "అనను, ఏంజేస్తవ్?" అనేదాన్ని. ఇంకొక సంగతి. సినిమాహాల్లో లైట్లు ఆరిపోగానే అతను నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. నేను పొంగిపోయాను కొన్నాళ్ళు. తర్వాత తెలిసింది, అయ్యగారికి చీకటంటే భయమట! తలుపు దగ్గర సీటే కావాలనేవాడు.

అట్లా ఏడాది పైన గడిచింది. ఒకరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నట్టుండి గుర్తొచ్చింది, ఇతను ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా మా నాయన దగ్గు ఊసెత్తలేదు. బస్సులో ఎవరికీ కనబడకుండా నాకు నేనే నవ్వుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆ చలికాలం నాయనకి దగ్గు ఎక్కువైంది. మెట్లెక్కితే ఆయాసం. బస్తీ అంతా "బోర్డుకు పెట్టుకో, ఇంకెందుకు చూస్తున్నవ్?" అని పోరు. అమ్మ ఆగలేదు. ముదిగొండ వైపు నుంచి ఒక సంబంధం పిలిపించింది.

పిల్లవాడు, వాళ్ళ నాన్న వచ్చారు. నేను పళ్ళెంలో మిక్చర్, లడ్డూ పెట్టుకుని వచ్చి నిలబడ్డాను. పిల్లవాడు తల ఎత్తలేదు. వాళ్ళ నాన్న కూడా నన్ను చూడలేదు. కళ్ళన్నీ మా నాయన మీదే. ఎప్పటి నుంచి ఆయాసం, రాత్రి పడుకోనిస్తుందా, కళ్ళె పడుతుందా అని డాక్టరు కంటే ఎక్కువ ప్రశ్నలు. నాయన ఓపిగ్గా చెబుతున్నాడు. చివరికి ఆ పెద్దమనిషి కుర్చీ ముందుకి జరుపుకుని, "ఏమనుకోకు బావా, బోర్డోళ్ళు ఒప్పుకుంటరో లేదో అని నాకు డౌటు. ఏదీ, ఒక్కసారి గట్టిగ దగ్గు," అన్నాడు.

మా నాయన, జీవితంలో ఎవరి మాటా కాదనని మనిషి, నిజంగానే దగ్గబోయాడు. గొంతు సవరించుకుని, ఛాతీ మీద చెయ్యి కూడా పెట్టుకున్నాడు.

పళ్ళెం బల్ల మీద ధన్‌మని పెట్టాను. లడ్డూలు దొర్లుకుంటూ పోయాయి. "మీకు మా నాయిన నచ్చిండు గదా! తాళి ఆయనకే కట్టి తీస్కపోండ్రి!" అన్నాను.

వాళ్ళు చెప్పులేసుకునేదాకా కూడా ఆగలేదు, చేత పట్టుకునే పోయారు. అమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ నోట్ల మన్నువడ! పండసొంటి సంబంధం చెడగొడితివి గదనే!" నాయన వంగి నేల మీది లడ్డూలు ఏరుతున్నాడు. నేను వెనకింట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గు నాది కాదు, ఆయనది. ఆయన ఛాతీ మీద పెట్టుకున్న ఆ చెయ్యి నా కళ్ళలోంచి పోలేదు.

నాలుగు రోజులయ్యాక, నాయన మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి రాలేదు. సాయంత్రం వచ్చాడు. అమ్మ నల్లా దగ్గరికి పోయినప్పుడు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ ఫ్యాను చేసే పిలగాని దగ్గరికి పోయొచ్చిన," అన్నాడు.

పాల్వంచలో బస్సు దిగి ఇద్దరం కలిసి నడుస్తుంటే ఆయన దోస్తు ఎవరో చూశాడట. చూడకేం, ఆ రూట్లో బస్సెక్కేవాళ్ళంతా మావాళ్ళే.

"ఊకె పోలే. పరీక్ష పెట్టొచ్చిన," అన్నాడు నాయన, ఏదో ఘనకార్యం చేసినట్టు. "పోయి కూసున్న. నాలుగుసార్లు దగ్గిన. మంచినీళ్ళిచ్చిండు. వచ్చే నెల బోర్డుకు పోతున్న బాబూ, నౌకరి అల్లునికే అన్న. 'మంచిదండీ, మీకు రెస్టు దొరుకుతుంది' అన్నడు. ఇంగ నేనే అడిగిన, నౌకరి నీకు కావాల్నా అని. వాడు నన్ను చూసి నిలువెల్ల వణికిండే! 'నాకాండీ? బావిలోకా? వద్దండీ బాబాయ్‌గారూ, నాకు చీకటంటే భయం' అన్నడు."

నాయన చెబుతూనే నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక కళ్ళు తుడుచుకుని అడిగాడు. "నిన్ను చేస్కుంటడా?"

"చేస్కోడు నాయినా. వాళ్ళ మరదలున్నది. మేం గట్ల అనుకోలే."

"మరి ఏందిది?"

"ఊకె. దోస్తాని."

ఆయనకి అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళు బావిలోకి దిగినవాడికి ఊరికే చేసే పని అంటూ ఏదైనా ఉంటుందని ఎట్లా అర్థమవుతుంది? కోప్పడతాడనుకున్నాను. గడ్డం గోక్కున్నాడు. "నౌకరి వద్దన్నోణ్ణి ఇయ్యాల చూసిన," అని లేచాడు.

ఆ తర్వాతి వారం అమ్మ, బోర్డు కాగితాలు రాయించడానికి మనిషిని మాట్లాడుకుని వస్తే, నాయన పోనన్నాడు.

"బోర్డుకు పోను. వయసు నిండేదాంక చేస్త. బాయిలనే నీళ్ళ పంపు కాడ కూసునే పని అడిగిన, ఇస్తమన్నరు."

"నీకేమన్న పిచ్చి లేసిందా? నౌకరి మన్నుల కలుపుతవా?" అని అమ్మ అరిచింది.

"గా నౌకరి మీద ఈగల్లెక్క ముసురుతున్నరే. నౌకరి పోతే ఈగలు పోతయ్. అప్పుడు పిల్లకోసం ఎవడొస్తడో చూద్దాం."

"ఈగలు పోతయ్, కూడు గూడ పోతది!"

నేను నాయన కాళ్ళు పట్టుకున్నాను. నా కోసం అంత పని చెయ్యొద్దని, ఎవణ్ణి చేసుకోమంటే వాణ్ణి చేసుకుంటానని, ఆ ముదిగొండ వాళ్ళనే మళ్ళీ పిలవమని ఏడ్చాను. నిజంగానే అన్నాను, మాటవరసకి కాదు. ఆయన వినలేదు. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి మొండికేస్తే ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాం. అమ్మ ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు. కంచం మాత్రం ధడేల్మని పెట్టేది.

ఈ సంగతి బస్తీలో పాకడానికి ఒక్క పూట పట్టింది. చూడండి మరి వింత! అప్పటిదాకా మా గుమ్మం ముందు ఎవరివో చెప్పులు లేని రోజు లేదు. ఆ తర్వాత పాలవాడు తప్ప ఒక్క పురుగు రాలేదు. మేనత్త వరస ఒకామె, "మావాడు ఇంక చదువుకుంటడట" అని కబురు పంపింది. వాడు పదో తరగతి రెండుసార్లు తప్పి, ఊరి మీద తిరుగుతున్నాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం నేను కిన్నెరసానిలో అతనికి అంతా చెప్పాను. చెప్పి తేలికపడదామని చెప్పాను గానీ ఇంకే ఉద్దేశమూ లేదు. అతను తింటున్న రేగుపండు పక్కన పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "మనం పెళ్ళి చేసుకుందాం. మా అమ్మని ఎలాగోలా ఒప్పిస్తాను," అన్నాడు.

నేను అతని మొహం చూశాను. పాపం, బొగ్గుబావిలోకి దిగమన్నట్టే ఉంది. పెదవులు తడారిపోయి, చెంపల మీద చెమట. మా నాయన తన మూలంగానే ఇంత చేశాడనుకుని, మంచివాడు కాబట్టి, భయపడుతూనే అడిగాడు. అతనంటే నాకు ఇష్టం లేదా అంటే, ఉంది. చాలా ఉంది. ఆ క్షణాన ఇంకా ఎక్కువైంది. కానీ ఇన్నాళ్ళూ అతను నా కోసం బస్సెక్కాడు. ఇప్పుడు మా నాయన కోసం పెళ్ళంటున్నాడు. అందరిలాగే అతను కూడా చివరికి మా నాయన దగ్గరికే వచ్చాడనిపించింది.

"వద్దు," అన్నాను.

"నిజంగానా?"

"నిజంగనే. మాటెత్తొద్దని ముందుగాల్నే చెప్పిన్నా లేదా? ఆ పండ్లిటియ్యి."

అతను నన్ను చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. నేనూ చేశాను. వచ్చేటప్పుడు బస్సులో మొదటిసారి పక్కపక్కన కూర్చున్నాం. ఎవడు చూస్తే ఏంది!

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా ఆదివారాలు ఎండాకాలం దాకా నడిచి, వాటంతట అవే ఆగిపోయాయి. మరుసటి ఏడు అతనికి మరదలితో పెళ్ళయింది. నేను పోయాను, అరిటాకులో మూడు రకాల స్వీట్లు తిన్నాను. పెళ్ళికూతురు చక్కగా ఉంది, చీకటికి భయపడే రకంలా లేదు. నాకూ ఇరవై ఏడో ఏట పెళ్ళయింది, టైపింగ్ ఉద్యోగం చేసేచోట పరిచయమైనాయనతో. ఆయన ఊరికే రాలేదు, నా చేతి పప్పుచారుకి వచ్చానంటాడు. సరేలే అన్నాను.

కానీ నాకు గుర్తున్నది, అతనికి వద్దని చెప్పిన ఆ ఆదివారం తర్వాతి సోమవారం. నాయనది రెండో షిఫ్టు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా సర్ది చేతికిచ్చాను. చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"నిన్న పిలగాడు ఏమన్నడు? పెండ్లిమాట అడిగిండా?"

"అడిగిండు."

నాయన మొహం విప్పారింది. "అనుకున్న! నువ్వేమన్నవ్?"

"వద్దన్న."

ఆయన కడుతున్న చెప్పు వదిలేసి నా వైపు చూశాడు. "వద్దన్నవా? మరి నేను బోర్డు ఇడ్శిపెట్టి ఇంక బాయిల దిగుడు ఎందుకే?"

"అందుకే నాయినా," అన్నాను. "నేను వద్దనేటందుకే."

ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చుని ఆ చెప్పు వేసుకున్నాడు. దోస్తులు వీధిలోంచి టైమైందని కేకేశారు. నెమ్మదిగా లేచి డబ్బా చంకన పెట్టుకున్నాడు.

"నేను పుట్టినకాడికెళ్ళి మొన్న బోర్డు దాంక ఒక్కదానికీ వద్దనలే బిడ్డా," అన్నాడు. "నువ్వన్న వయసులనే అన్నవ్."

అని డ్యూటీకి వెళ్ళిపోయాడు.